పట్టీ కొట్టిన కిటికీలు

పీతలు ఒలిచే షెడ్డు నుంచి దియెప్ ఇంటికొచ్చేసరికి కిటికీలన్నిటికీ చుట్టూ చెక్క పట్టీలు కొట్టేశారు. వాటికి రంగు కూడా వేసేశారు.

పొద్దున ఆమె పనికి వెళ్లినప్పుడు కిటికీల చోట ప్లైవుడ్ బల్లలే ఉన్నాయి. పోయినేడు తుఫానుకి అద్దాలు పోయినప్పటి నుంచీ అవే. ఏడాదిగా ఆ ఇంట్లో పట్టపగలు కూడా లైటు వేసుకునే అన్నం తిన్నారు. ఇప్పుడు ముందు గది నేల మీద సాయంకాలపు ఎండ పరుచుకుని ఉంది. మంచం దిగలేని అత్తగారు ఆ ఎండకేసి మొహం తిప్పుకుని, కళ్లు మూసుకుని పడుకుంది. బావగారు ఖోయ్, ఆయనతో వచ్చిన రొయ్యల పడవల వాళ్లు నలుగురు, గోడకి చేరబడి బీరు తాగుతున్నారు. అందరి చేతులకీ తెల్లరంగు అంటుకుని ఉంది.

దియెప్‌కి ముందు కలిగింది సంతోషమే. ఆ వెంటనే రేపు రావలసిన ఇంజనీరు గుర్తొచ్చాడు.

పోర్ట్ ఎలియాస్‌లోనే కాదు, టెక్సస్ తీరం పొడవునా ఏ ఊళ్లోనైనా సొంత ఇంటికి కిటికీ మార్చుకోవడం ఇంటివాళ్ల ఇష్టం కాదు. మున్సిపాలిటీ పర్మిట్ తెచ్చి గుమ్మం పక్కన అంటించాలి. అద్దం మీద కంపెనీవాళ్లు అంటించిన చీటీ ఊడకూడదు. చుట్టూ పట్టీలతో కప్పేయకముందే, ఫ్రేముని గోడకి బిగించిన స్క్రూలు కళ్లకి కనిపిస్తుండగా ఇంజనీరు వచ్చి చూడాలి. ఆయన చూసి సంతకం పెడితే సర్టిఫికెట్ వస్తుంది, సర్టిఫికెట్ ఉంటే తుఫాను బీమా కొనసాగుతుంది. బీమా లేని ఇంటి మీద అప్పు ఉంచడానికి బ్యాంకు ఒప్పుకోదు. ఇదంతా దియెప్ బావగారికి ఒకటికి రెండుసార్లు చెప్పింది. కిటికీలు కూర్చోబెట్టి ఊరుకోండి, పట్టీల జోలికి మాత్రం పోకండి, రేపు ఇంజనీరు వస్తాడు అని చెప్పింది. ఆయన సరేనన్నాడు కూడా.

"ఏమ్మా, ఎలా ఉన్నాయి?" అన్నాడు ఖోయ్.

చాలా బాగున్నాయండి అంది. అద్దాల దగ్గరికి వెళ్లి చూసింది. చీటీలు ఒక్కటీ లేవు. బ్లేడుతో గీకి, సబ్బునీళ్లతో కడిగి, పాత చొక్కాతో తుడిచి మెరిపించారు. ఆ గీకిన కాగితప్పొట్టంతా చెత్తబుట్టలో ముద్దగా ఉంది.

"ఇంజనీరు చూడాలి కదా బావగారూ" అంది, వీలైనంత మెల్లగా.

"చూస్తాడు. చూడొద్దన్నానా? ఎంత బాగా చేశామో చూసుకోమను." ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి గోడ మీదున్న తమ్ముడి ఫోటో వైపు చూశాడు. "ఆదివారం వాడి తద్దినం పెట్టుకుని, ఇల్లంతా పుండులా తెరిచి ఉంచుతామా? నలుగురూ వస్తారు. ఏమనుకుంటారు?"

దియెప్ భర్త లాప్ పోయి ఆదివారానికి తిథి ప్రకారం ఏడాది. తుఫాను వెళ్లిన మర్నాడు పగిలిన కిటికీలకి బల్లలు కొడుతూ నిచ్చెన మీద నుంచి పడ్డాడు. కింద నిచ్చెన పట్టుకుని ఉన్నది ఖోయే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. కొత్త కిటికీలు తానే పెడతానని, ఒక్క డాలరు కూలీ కూడా బయటివాడికి ఇవ్వనివ్వనని ఆయన పట్టుబట్టినప్పుడు ఎందుకో అందరికీ అర్థమైంది. అందుకే ఎవరూ వద్దనలేదు. దియెప్ అన్నం వార్చి, పీతలు వేయించి, అయిదుగురికీ వడ్డించింది.

ఇంజనీరు ప్రూయిట్ మర్నాడు, శుక్రవారం, పదింటికల్లా వచ్చాడు. పొడుగాటి మనిషి, అరవై ఏళ్లుంటాయి. ఎండకి కమిలిన మెడ. గుమ్మం దాటకుండానే కిటికీలు చూసి ఆగిపోయాడు. తర్వాత లోపలికొచ్చి ఒక్కో కిటికీ దగ్గరా నిలబడి, పట్టీ మీద వేళ్లతో తట్టి చూశాడు. తట్టి ఏం లాభం? పట్టీ వెనక ఏముందో వేళ్లకేం తెలుసు.

"ఎవరు పెట్టారండీ ఇవి?"

మా బావగారు అని చెప్పింది. ఫోటోలు తీశారా అని అడిగాడు. తీయలేదు. అద్దాల మీద చీటీలేవి అన్నాడు. దియెప్ చెత్తబుట్ట తెచ్చి చూపించింది. ఆయన ఆ ముద్దని చూసి నిట్టూర్చి, తాను చూడనిదానికి సంతకం పెట్టలేనన్నాడు. కిటికీలు మంచివే, తుఫానుని తట్టుకునే దళసరి అద్దాలే, కొన్న దుకాణం నుంచి బిల్లు తెస్తే చీటీల సంగతి తాను చూసుకుంటాడు. కానీ స్క్రూలు చూడాల్సిందే. పట్టీలు ఊడదీయించమన్నాడు.

"ఊడదీస్తే విరుగుతాయండీ. జిగురు పెట్టి కొట్టారు."

"విరిగితే కొత్తవి కొట్టుకోండి."

అప్పుడు దియెప్‌కి కోపం వచ్చింది. కోపంలో ఇంగ్లీషు ఆమెకి బాగానే వస్తుంది. నీటి ఒడ్డునున్న పెద్ద ఇళ్లకి పోయిన నెలలోనే కిటికీలు మార్చారు, వాటికి ఎవరు స్క్రూలు చూశారు, కాంట్రాక్టరు ఆఫీసులో కూర్చుని నాలుగు ఫోటోలు పంపితే సంతకాలు పడలేదా అని అడిగింది. ఆ ఇళ్లల్లో రెండింటికి ఆమె షెడ్డులో పనిచేసేవాళ్లే పనిమనుషులు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో వాళ్లకి తెలుసు.

ప్రూయిట్ కాదనలేదు. నేల వైపు చూస్తూ, రిజిస్టరైన కాంట్రాక్టరు ఫోటోలు పంపితే తీసుకోవచ్చని రూల్లో ఉందన్నాడు. సొంతంగా పెట్టుకున్నవాళ్లవి మాత్రం కళ్లతో చూడాలి.

"అంటే డబ్బున్నోళ్ల మాట నమ్ముతారు, మా మాట నమ్మరు."

"రూలు నేను రాయలేదమ్మా" అన్నాడాయన. కారెక్కబోతూ మళ్లీ వెనక్కొచ్చి ఇంకో మాట చెప్పాడు. క్యూబా కింద తుఫాను ఒకటి లేచింది. అది టెక్సస్ ముందున్న అఖాతంలోకి అడుగుపెట్టిన క్షణం నుంచీ బీమా కంపెనీ ఎవరి కాగితాలూ తీసుకోదు. ఆమె పాత బీమా ఎలాగూ ఈ వారంతో సరి. కిటికీలు లేవన్న కారణంతో ఇప్పటికే ఒకసారి గడువు పెంచారు, మళ్లీ పెంచరు. ఏం చేసినా ఆదివారం లోపే చేయాలి.

ఆ మధ్యాహ్నం పని మానుకుని మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్లింది. అక్కడ కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా, పర్మిట్ మా చేతిలోది, సర్టిఫికెట్ ఇంజనీరు చేతిలోది, బీమా ఏమో కంపెనీ చేతిలోది అని చెప్పింది. ఎవరి చేతిలోది వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. దియెప్ చేతుల్లో మాత్రం పీత ముళ్లు గుచ్చుకున్న గాట్లు తప్ప ఏమీ లేవు.

రేవుకి వెళ్లి ఖోయ్‌ని బతిమాలింది. ఆయన పడవ మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. పట్టీలు తీద్దాం బావగారూ, ఆదివారం అయ్యాక మళ్లీ కొట్టుకుందాం అంది. ఆయన వల మీద నుంచి కళ్లెత్తలేదు. తన ఇంటికీ ఈ వసంతంలో ఇలాగే కిటికీలు పెట్టుకున్నాడు. పక్క ఊరి ఇంజనీరెవరో వచ్చి, కారు దిగకుండానే సంతకం పెట్టి ఇచ్చి వెళ్లాడు. ఆ కాగితం ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు కూడా.

"నా చేతి పనికి సర్టిఫికెట్ ఉంది. ఇంట్లో గోడకే ఉంది, పోయి చూసుకో. అదే చెయ్యి, అదే పని. వీడికి మనం అలుసు, అంతే. ఆ ప్రూయిట్‌గాడు అడిగాడని నా తమ్ముడి తద్దినం రోజున నేను ఇల్లు పీకాలా?"

ఆయన భార్య సెన్ పక్కనే రొయ్యలు ఏరుతోంది. "ఆయన నిన్న రాత్రంతా నడుం పట్టుకుని మూలిగాడే" అంది. "ఇంత చేసినా నీ మొహంలో సంతోషం కనపడదేంటి?"

దియెప్ మొహం దించుకుని వచ్చేసింది. వాళ్ల మాటలో తప్పేముందని దారంతా అనుకుంది. రూలే దొంగ రూలు. చిన్నవాళ్ల కోసం పెట్టినది.

శనివారం పొద్దున్నే లేచి, టీ పెట్టుకోకుండా, అత్తగారి మంచం పక్క కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆమె ఆలోచన సులువైనదే. కింది పట్టీ ఒక్కటి జాగ్రత్తగా తీసి, స్క్రూలకి ఫోటో తీసి, ప్రూయిట్‌కి పంపిస్తుంది. ఒకటి చూస్తే మిగతావి కూడా ఇలాగే ఉంటాయని నమ్మడా? నమ్మకపోతే కాళ్లు పట్టుకుంటుంది. పట్టీ మళ్లీ అంటించేస్తే బావగారికి తెలియనే తెలియదు.

పీతలు ఒలిచే చాకుని పట్టీ అంచున దూర్చి, కొంచెం కొంచెంగా లేపింది. పట్టీ విరక్కుండా వచ్చింది. దాని వెనక తెల్లటి జిగురు, కేకు మీద క్రీములాగా దట్టంగా ఉంది. దాన్ని చాకుతో గీసి పక్కకి తీసింది. ఫ్రేముకి కంపెనీవాళ్లు వరసగా పెట్టిన బెజ్జాలున్నాయి. వాటిలో జిగురు కూరి ఉంది. స్క్రూ ఎక్కడా లేదు. చాకుతో నిలువు పట్టీ కూడా లేపి చూసింది. పైన ఒక స్క్రూ, కింద ఒక స్క్రూ. చాకు మొనతో విప్పి చూస్తే అవి కూడా పొట్టివే. బయటి పలక దాటి గోడ లోపలి చెక్క గుంజ దాకా పోయేవి కావు.

దియెప్ చాకు పక్కన పెట్టింది.

కక్కుర్తి కాదది. కక్కుర్తి అయితే తిట్టుకుని ఊరుకునేది. పెళ్లయిన కొత్తలో ఆమె కూడా లాప్‌తో పడవ మీద పనిచేసింది. చుక్కాని గది అద్దాలు ఎలా పెడతారో ఆమెకి తెలుసు. పడవ అలల మీద ఎప్పుడూ మెలికలు తిరుగుతూనే ఉంటుంది. అద్దాన్ని మరీ బిగించి పట్టుకుంటే పగులుతుంది. అందుకని చుట్టూ జిగురు దట్టంగా పెట్టి, పైనొకటి కిందొకటి స్క్రూ వేసి, కదలడానికి చోటు ఉంచుతారు. చెక్కకి ఎన్ని బెజ్జాలు పెడితే అన్ని చోట్ల నీరు దిగి కుళ్లుతుంది గనక, ఉన్న బెజ్జాలు కూడా పూడ్చేస్తారు. ఖోయ్ ముప్పయ్యేళ్లుగా చేసింది అదే. ఆయన పెట్టిన అద్దం ఒక్కటి కూడా సముద్రం మీద ఊడలేదని రేవంతా చెప్పుకుంటుంది. తమ్ముడింటికి ఆయన తనకి తెలిసిన అతి మంచి పని చేశాడు. కానీ ఇల్లు అలల మీద ఊగదు. గాలి వచ్చి గోడ మీద మోదుతుంది, మోది లోపలికి తోస్తుంది.

"ఏం చూశావే?" అంది అత్తగారు. ఎప్పుడు లేచిందో, తల పక్కకి తిప్పి చూస్తోంది.

"ఏం లేదత్తయ్యా. జిగురు ఎక్కువైంది, గీస్తున్నా."

"నా కొడుకులిద్దరూ చిన్నప్పటి నుంచి జిగురు ఎక్కువే పూస్తారు" అని ముసలామె మళ్లీ కళ్లు మూసుకుంది. తెలిసి అన్నదో, ఊరికే అన్నదో దియెప్‌కి తేలలేదు. ఆమె ఫోటో తీయలేదు. పట్టీల్ని ఉన్నచోటే నొక్కి పెట్టింది.

సాయంత్రం ప్రూయిట్ ఫోన్ చేశాడు. నిన్న ఆమె అన్న మాటలు తనని నిద్రపోనివ్వలేదని చెప్పాడు. తుఫాను వేగం పెరిగింది, ఆదివారం మధ్యాహ్నానికి అఖాతంలోకి వచ్చేస్తుంది. పొద్దున చర్చి అయ్యాక తాను ఆ దారినే వెళ్తాడు, ఒకసారి వచ్చి ఏదో ఒకటి చేస్తాడట. దియెప్ థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రంతా బావగారికి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంది. ఒక్క మాట కూడా ఆయన ముందు పెట్టేలా కుదరలేదు.

ఆదివారం చర్చిలో పూజ ముగించుకుని జనం ఇంటికి వచ్చారు. మరియమ్మ బొమ్మ పక్కన లాప్ ఫోటో, దాని ముందు అగరొత్తులు, అతనికి ఇష్టమైన మట్టికుండ చేపల పులుసు, బంకన్నం, ఒక బీరు డబ్బా. అందరూ ముందు ఫోటోకి దండం పెట్టి, తర్వాత కిటికీల దగ్గరికి వెళ్లి చేత్తో తడిమి, ఖోయ్ భుజం తట్టారు. తమ్ముడంటే ఇలా చూసుకోవాలన్నారు. ఖోయ్ తెల్ల చొక్కా వేసుకుని, అందరికీ పోస్తూ, తాను తాగకుండా తిరుగుతున్నాడు. ఏడాదిలో మొదటిసారి ఆయన నడుం నిటారుగా ఉండటం చూసింది దియెప్. చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

అందరూ బల్ల ముందు కూర్చున్నాక ప్రూయిట్ వచ్చాడు. ఇంత జనాన్ని చూసి టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. అత్తగారు మంచం మీద నుంచే, ఆ మనిషికి కంచం పెట్టమంది. ఆయన కూర్చుని, పెట్టిందంతా తిన్నాడు. తిన్నాక ఫోన్ తీసి గడియారం చూసి దియెప్‌ని పిలిచాడు.

"అమ్మా, నాకు ఎక్కువ టైము లేదు. తుఫాను పన్నెండింటికి అఖాతం గీత దాటుతుందంటున్నారు. ఇంకో ఇరవై నిమిషాలు. నేను ఇక్కణ్నుంచే ఫోన్‌లో పంపిస్తే అందుతుంది." ఆయన గొంతు తగ్గించాడు గానీ గదిలో అందరూ మాటలు ఆపేశారు. "పెద్ద కాంట్రాక్టర్ల మాట నమ్మి నేను సంతకాలు పెట్టాను. నిజమే. కాబట్టి మీ మాటా నమ్ముతాను. ఫ్రేముకున్న ప్రతి బెజ్జంలో స్క్రూ వేశారా? లోపలి గుంజ దాకా దిగే పొడవువేనా? అంతే నేనడిగేది."

ఖోయ్ లేచి నిలబడ్డాడు. "గట్టిగా పెట్టాం. నా ఇంటికీ అలాగే పెట్టాను. దానికి సర్టిఫికెట్ ఉంది."

"బాగుంది సార్. కానీ ఇల్లు ఆమె పేరు మీద ఉంది. ఆమె చెప్పాలి."

ఔనంటే చాలు. ఆ ఒక్క మాటకి బీమా ఉంటుంది, బ్యాంకు ఊరుకుంటుంది, బావగారి నడుం నిటారుగానే ఉంటుంది. అడిగేవాడు కూడా ఔననిపించుకోవాలనే వచ్చాడు. దియెప్ నాలుక మీదకి ఆ మాట వచ్చేసింది కూడా. అప్పుడు కిటికీ కింద మంచం మీద అత్తగారి తెల్లజుట్టు కనిపించింది. గాలికి ఫ్రేము ఊడొస్తే అది పడేది సరిగ్గా అక్కడ.

"వెయ్యలేదండి" అంది.

ప్రూయిట్ ఇంకా ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. "మళ్లీ అడుగుతున్నానమ్మా. బాగా ఆలోచించుకుని చెప్పండి."

"వెయ్యలేదండి. పైనొకటి, కిందొకటి. నేను తీసి చూశాను."

ప్రూయిట్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. భోజనం చాలా బాగుందని అత్తగారికి చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఇరవై నిమిషాల్లో అన్ని పట్టీలు పీకి, స్క్రూలు దింపి, ఆయనకి చూపించడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"తీసి చూశావా?" అన్నాడు ఖోయ్. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా వెనకాల? చాటుగా?"

"మీకు చెబుదామనే అనుకున్నా బావగారూ."

"ఇంతమంది ముందు చెప్పావుగా. చాల్లే."

"కూర్చోరా పెద్దోడా" అంది తల్లి. "ముందున్న అన్నం వదిలి లేవకూడదు."

ఆయన కూర్చోలేదు. చొక్కా చేతులు సరిచేసుకుని, తమ్ముడి ఫోటోకి ఇంకోసారి దండం పెట్టి, బయటికి నడిచాడు. సెన్ లేస్తూ దియెప్ చెవి దగ్గర ఆగింది. "నీకోసం కాదు తల్లీ ఆయన చేసింది, పోయినవాడి కోసం. నీకు అదొక్కటీ అర్థం కాలేదు." తర్వాత ఒక్కొక్కరే లేచారు. తుఫాను వస్తోంది కదా, పడవలు కట్టుకోవాలి అన్నారు. నిజమే, కట్టుకోవాలి. కానీ కంచాల్లో చేప ముక్కలు ముట్టుకోకుండానే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే దియెప్ స్క్రూల కోసం దుకాణానికి వెళ్లింది. ఊరంతా అక్కడే ఉంది. కావలసిన పొడవువి ఉన్నవాటిలో చివరి పెట్టెలు ఆమెకే దొరికాయి. ఇంటికొచ్చి, లాప్ డ్రిల్లు తీసి, అత్తగారి కిటికీతో మొదలుపెట్టింది. పట్టీ పీకడం, జిగురు గీకడం, బెజ్జం వెతకడం, స్క్రూ పెట్టి భుజం బరువంతా వేసి దింపడం. మొదట్లో స్క్రూ వంకరపోయింది, డ్రిల్లు చేతిలోంచి జారింది. పీతలు ఒలిచే చేతికి బలం వేళ్లలో ఉంటుంది గానీ భుజంలో ఉండదు. సోమవారం మధ్యాహ్నానికి ఆమె కుడిచెయ్యి చెంబు ఎత్తలేకపోయింది. ఎడంచేత్తో చేసింది. అత్తగారు మంచం మీద నుంచి, కింద ఎడమ పక్కది వదిలేశావే అని చెబుతూ వచ్చింది. ఆ గదిలో ఇద్దరే ఉన్నారు, ఎవరూ తొంగిచూడలేదు. ఖోయ్ ఇంటికి రెండుసార్లు ఫోన్ చేసి, మీ కిటికీలు కూడా ఒకసారి చూసుకోండని చెప్పబోయింది. సెన్ ఎత్తి, దియెప్ గొంతు విని పెట్టేసింది.

తుఫాను మంగళవారం పొద్దున వచ్చింది. అనుకున్నంత పెద్దదేం కాదు, అందుకే ఊళ్లో సగం మంది ఎక్కడికీ వెళ్లలేదు. కదపలేని ముసలామెతో దియెప్ కూడా వెళ్లలేదు. పది గంటలకి గోడలు మూలగడం మొదలైంది. అద్దాలు లోపలికి ఉబ్బి, మళ్లీ సర్దుకున్నాయి. ప్రతి గాలికీ దియెప్ స్క్రూల తలలు చూస్తూ కూర్చుంది. ఒక్కటీ కదల్లేదు. వంటింటి వైపు మాత్రం కప్పు పెంకులు లేచిపోయిన చప్పుడైంది. కాసేపటికి వంటింటి సీలింగు తడిసి, బరువెక్కి, పొయ్యి మీద కూలింది. అది ఆమె చేతిలో లేనిది.

పన్నెండు దాటాక ఎవరో తలుపు బాదారు. ఖోయ్, సెన్. ఇద్దరూ తలనుంచి కాలిదాకా ముద్దగా తడిసిపోయారు. సెన్ చెప్పుల్లేకుండా ఉంది. ఖోయ్ నుదుటి మీద నుంచి రక్తం కారి చెవి దగ్గర గడ్డకట్టింది. దియెప్ తువ్వాళ్లు తెచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. సెన్ వణుకుతూ తానే చెప్పింది. పడకగది కిటికీ ఊడొచ్చిందట. అద్దం పగల్లేదు, ఫ్రేముతో సహా, చుట్టూ జిగురుతో సహా, ఒక బల్లలా వచ్చి మంచం మీద పడింది. ఆ తర్వాత మిగతావి ఒకదాని వెనక ఒకటి. ఆఖరికి లోపలికి దూరిన గాలికి కప్పు ఒక పక్క లేచిపోయింది.

ఖోయ్ తల్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పైన ఆయన పెట్టిన కిటికీ ఉంది, పట్టీలు లేకుండా, జిగురు చారలతో, వంకర టింకరగా దింపిన స్క్రూలతో. తలెత్తి ఒక్కసారి చూశాడు. తల్లి చెయ్యి జాపి ఆయన తడిజుట్టు మీద పెట్టింది. సాయంత్రం గాలి తగ్గేదాకా ఆయన అలాగే కూర్చున్నాడు.

బుధవారం ఎండ కాసింది. ప్రూయిట్ ఫోన్ చేసి, ఇప్పుడు స్క్రూలు కనిపిస్తున్నాయి గనక వచ్చి చూసి సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. అది వచ్చే తుఫానుకి పనికొస్తుంది. ఈ తుఫానుకి పోయిన వంటింటి కప్పు ఖర్చు మాత్రం ఆమెదే, బ్యాంకుతో మాట్లాడుకోవడం కూడా ఆమె పనే. ఆయన ఆ మాట చెప్పడానికి చాలాసేపు తడబడ్డాడు. దియెప్‌కి ఆయన మీద జాలేసింది. తన మీద తనకి ఇంకా ఏమీ అనిపించడం లేదు.

మధ్యాహ్నం ఆమె వంటింట్లో తడి సీలింగు ముక్కలు పారతో ఎత్తుతుంటే ఖోయ్ వచ్చాడు. నుదుటికి కట్టు ఉంది. కాసేపు ఆయన కూడా ముక్కలు ఎత్తాడు. ఆయన తన ఇంటికి ఒకసారి వెళ్లి వచ్చాడు. గోడకున్న సర్టిఫికెట్ అద్దం కూడా చెదరకుండా ఉందట.

"శుక్రవారం బీమా వాళ్ల మనిషి వస్తాడు" అన్నాడు. "కిటికీలు ఎలా బిగించారని అడుగుతాడంట. అందరినీ అడుగుతున్నారంట."

దియెప్ పార ఆపింది.

"ఆ రోజు నువ్వు మా ఇంటి వైపు రావద్దమ్మా" అన్నాడు ఖోయ్. ఆమె మొహం చూడలేదు. "నిన్ను అడిగితే నువ్వు చెప్పేస్తావు."

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఆయన సర్టిఫికెట్ గురించి, తన సర్టిఫికెట్ గురించి, ఆదివారం తాను ఔననకుండా మింగిన మాట గురించి. నడుం వంగిపోయి, చేతిలో తడి అట్టముక్క పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసింది. ఈ కుటుంబంలో ఎవరికో ఒకరికైనా ఇల్లు మిగలాలి.

"రాను లెండి బావగారూ" అంది. "నా కప్పు నేనే కట్టుకోవాలిగా. నాకెక్కడ తీరుతుంది."

ఆయన తలూపి గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే, ఎంత పొడవు స్క్రూలు వాడావని అడిగాడు. దియెప్ చూపుడువేలు చాపి చూపించింది. ఆయన తిరిగి వచ్చి, ఆ వేలి పక్కన తన వేలు పెట్టి కొలుచుకుని, వెళ్లిపోయాడు.